అడ్డంకుల పరుగు: పట్టు ఎందుకు జారును?

ఐదు కిలోమీటర్ల దూరమును ఎక్కడను ఆగకుండ పరుగెత్తగల యువకుడొకడు ఉన్నాడనుకొందము. ప్రతి ఉదయము మైదానము చుట్టు పండ్రెండుమారులు తిరిగివచ్చుట అతనికి అలవాటు. అట్టివాడు మొదటిసారిగ అడ్డంకుల పరుగుపందెమునకు పేరిచ్చెను. పందెమునాడు పరుగు సాఫీగనే సాగినది, ఒగర్పు కూడ ఎక్కువ రాలేదు. కాని ఒకచోట తలకుపైన నిచ్చెన మెట్లవలె వరుసగ అమర్చిన ఇనుపకమ్ములను ఒకదాని తరువాత ఒకటి పట్టుకొని, వ్రేలాడుచు, ఆవలి ఒడ్డునకు చేరవలసియుండెను. నాలుగవ కమ్మి దగ్గర అతని వ్రేళ్ళు అతని ఆజ్ఞ లేకుండనే విచ్చుకొనినవి. క్రిందనున్న బురదనీటిలో పడెను.

అతనికి ఊపిరి చాలక కాదు. కాళ్ళు అలసియు కాదు. మరి ఏమి చాలలేదు? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినచో, ఇట్టి పందెమునకు ఎట్లు సిద్ధపడవలెనో సగము తెలిసినట్లే. ఆ సమాధానములో కొంత శరీరశాస్త్రము, మరికొంత మన పాఠశాలలలో తొమ్మిదవ, పదవ తరగతులలో చెప్పు భౌతికశాస్త్రము కలవు.

మొదట ఈ పందెమేమో చెప్పవలెను. పరుగు మార్గమున నడుమనడుమ ఎత్తైన చెక్కగోడలు, వ్రేలాడు మోకులు, ముళ్ళతీగ క్రింద ప్రాకవలసిన బురదకాలువలు, భుజమున మోయవలసిన ఇసుక మూటలు ఉండును. క్రొత్తవారికి తగిన పందెములు సామాన్యముగ ఐదు కిలోమీటర్లకు అటునిటుగ ఉండును. అందులో పదునైదు, ఇరువది అడ్డంకులు వచ్చును. కొన్ని పందెములలో అడ్డంకిని దాటలేనివాడు దండనగా కొన్ని ‘బర్పీలు’ తీయవలెను. నిలుచున్నచోటనే వంగి, చేతులు నేలకానించి, కాళ్ళను వెనుకకు చాచి, దండీ తీసి, తిరిగి లేచి పైకెగురుట ఒక బర్పీ. ‘స్పార్టన్ రేస్’ అను పందెమువారు ప్రసిద్ధికి తెచ్చిన దండన ముప్పది బర్పీలు. రాయల్ బర్పీ అను అమెరికా శరీరశాస్త్రజ్ఞుడు 1930లలో ఈ వ్యాయామమును మనుష్యుని దారుఢ్యమును పరీక్షించుటకు కల్పించెను. అది దండనగా మారునని ఆయన ఊహించియుండడు.

అడ్డంకుల మార్గము సైనిక శిక్షణలో పెరిగినది. జార్జి ఎబేర్ (1875–1957) అను ఫ్రెంచి నౌకాదళాధికారి లోరియాం రేవులో సైనికులకు వ్యాయామము నేర్పుచు నడక, పరుగు, దూకుట, నాలుగు కాళ్ళపై ప్రాకుట, ఎగబ్రాకుట, తూకము నిలుపుకొనుట, విసరుట, బరువెత్తుట, ఆత్మరక్షణ, ఈత అను పదింటిని కలిపి ‘సహజ పద్ధతి’ అని పేరిడెను. ఆయన గ్రంథము 1912లో వెలువడినది. సామాన్యప్రజలకు ఇది పందెముగ మారినది చాల ఆలస్యముగనే. ఇంగ్లండులో వుల్వర్‌హాంప్టన్ పట్టణమునకు సమీపముననున్న పెర్టన్‌లో బిల్లీ విల్సన్ అను పూర్వసైనికుడు 1987లో ‘టఫ్ గై’ అను పందెమును నడపెను. నడిచలికాలములో గడ్డకట్టు నీటిలో దిగవలసిన పందెమది. 2010లో అమెరికాలో ‘టఫ్ మడ్డర్’, ‘స్పార్టన్ రేస్’ వెలసినవి. మన దేశములో ‘డెవిల్స్ సర్క్యూట్’ అను పేర 2012 నుండి పెద్ద నగరములలో ఇట్టి పందెములు జరుగుచు వచ్చినవి. వానిలో హైదరాబాదు ఒకటి. ఆధునిక పెంటాథ్లాన్ అను ఒలింపిక్ క్రీడలో గుర్రపుస్వారీ 2024 పారిస్ క్రీడలతో ముగిసినది. దాని స్థానమున 2028 లాస్ ఏంజిలిస్ క్రీడలలో అడ్డంకుల పరుగు రానున్నది. కనుక ఇది ఇక కేవలము వేడుక కాదు.

మనకిది పూర్తిగ క్రొత్తయు కాదు. రాయలసీమ ఊళ్ళలో కృష్ణాష్టమికి నునుపుచేసి జిడ్డు పూసిన ఉట్లమాను ఎక్కు పండుగ చూచినవారికి, క్రిందినుండి నీళ్ళు చల్లుచుండగా జారిపడు యువకుల సంగతి తెలిసినదే. ఘర్షణ లేనిచో బలము ఎంతయున్నను నిరుపయోగమని అంతకంటె చక్కగ చూపు ప్రయోగశాల లేదు.

వ్రేళ్ళలో లేని బలము

ఈ వాక్యము చదువుచునే విద్యార్థులు ఎడమచేతితో కుడి ముంజేతిని, మోచేతికి కొంచెము క్రిందుగ, పట్టుకొని కుడి పిడికిలి బిగింతురుగాక. ఎడమచేతి క్రింద ఏదో ఉబ్బినట్లు తోచును. వ్రేళ్ళను ముడుచు ముఖ్యమైన కండరములు అక్కడనే ఉన్నవి. వ్రేళ్ళకు వచ్చునవి స్నాయుబంధనములను సన్నని త్రాళ్ళు మాత్రమే. తోలుబొమ్మలాటలో తెరవెనుక కూర్చున్నవాడు బొమ్మను ఆడించినట్లు ముంజేయి వ్రేళ్ళను ఆడించుచున్నది.

పరుగెత్తునపుడు తొడల కండరములు బిగియుచు, వదలుచు నుండును. వదలిన ప్రతిమారు క్రొత్త రక్తము వచ్చి ప్రాణవాయువును తెచ్చును, మలినములను కొనిపోవును. కమ్మిని పట్టుకొని వ్రేలాడునపుడు ముంజేతి కండరము బిగిసినది బిగిసినట్లే ఉండును. తన గరిష్ఠబలములో సగమునకు మించి బిగిసిన కండరము తనలోని రక్తనాళములను తానే నొక్కివేయును. రక్తప్రసారము చాలవరకు ఆగిపోవును. గుండె ఎంత వేగముగ కొట్టుకొన్నను, ఊపిరితిత్తులు ఎంత గాలి పీల్చినను, ఆ ప్రాణవాయువు మూసిన తలుపు అవతలనే నిలిచిపోవును. కండరము లోపల నిలువయున్న ఫాస్ఫేటు ఇంధనము కొన్ని సెకండ్లలో తరిగిపోవును. ఆపైన ప్రాణవాయువు లేకుండ చక్కెరను విరుచుకొనవలెను. అప్పుడు పోగుపడు పదార్థములు కండరపు సంకోచమును మందగింపజేయును. వ్రేళ్ళు విచ్చుకొనును. మన యువకుడు రోజూ ఐదు కిలోమీటర్లు పరుగెత్తి పెంచుకొన్న గుండెబలము ఆ క్షణమున అతనికి అక్కరకు రాకపోవుటకు కారణమిది.

ఉపాధ్యాయులు దీనిని మైదానములో చూపవచ్చును. ఒక విద్యార్థిని అడ్డకమ్మిపై చేయి జారునంతవరకు వ్రేలాడనిచ్చి కాలము గుర్తింపవలెను. ఒక దినము విశ్రాంతి నిచ్చి, పది సెకండ్లు వ్రేలాడి, పది సెకండ్లు దిగి చేతులు విదలించుకొని, మరల వ్రేలాడునట్లు చేయింపవలెను. వ్రేలాడిన సెకండ్లను మాత్రము కూడినచో రెండవనాటి మొత్తము సామాన్యముగ మొదటినాటికంటె ఎక్కువ వచ్చును. నడుమ దొరికిన ఆ పది సెకండ్లలో రక్తము లోనికి ప్రవహించినది. కమ్మిపై ఒకచేయి పట్టియుండగా రెండవచేతిని క్షణకాలము క్రిందికి విదలించు అనుభవజ్ఞుల అలవాటుకు అర్థమిదియే.

అయితే పట్టుబలమును పెంచుట ఒక్కటే మార్గము కాదు. పట్టుతో పని తగ్గించుట రెండవ మార్గము. క్రొత్తవారికి ఇదియే త్వరగ ఫలించునది.

లోలకము నేర్పు పాఠము

కమ్ములకు వ్రేలాడు మనిషి ఒక లోలకము. చేతినుండి అతని గరిమనాభికి దూరము 1.2 మీటర్లు అనుకొన్నచో, మన తరగతి సూత్రము ప్రకారము డోలనకాలము రెండు సెకండ్లకు కొంచెము హెచ్చు వచ్చును. క్రొత్తవాడు ఊగకుండ, బిగుసుకొని, చేతుల బలముతో ఒక్కొక్క కమ్మిని అందుకొన జూచును. ప్రతి కమ్మి వద్ద ఆగును. ఆగిన ప్రతి క్షణము ముంజేతికి ఖర్చే.

ఊగినచో నేమగును? ముప్పది డిగ్రీల కోణమున ఊగువాని విషయము చూతము. డోలనములో అట్టడుగున ఉన్నప్పుడు చేతిపై పడు లాగు అతని బరువుకు సుమారు ఒకటింబాతిక రెట్లు. ముందువైపు చివరకు వెళ్ళి, వెనుదిరుగబోవు క్షణమున ఆ లాగు బరువులో 87 శాతమే. అనగా ఒకే డోలనములో చేయి వదలుటకు చెడ్డ క్షణమొకటి, మంచి క్షణమొకటి ఉన్నవి. ముందుకు ఊగి చివరకు చేరినపుడు వెనుకచేతిని వదలి తరువాతి కమ్మిని అందుకొనవలెను. అప్పుడే భారము తక్కువ, అప్పుడే శరీరము గమ్యమునకు దగ్గర. ఈ లయ పట్టుబడినవానికి పది కమ్ములు దాటుటకు పది, పండ్రెండు డోలనములు, అనగా అర నిమిషము లోపలనే, చాలును. ఉయ్యాల ఎక్కిన ప్రతి పిల్లవానికి తెలిసిన విషయమిది. పెద్దవాడై కమ్మి పట్టుకొనగనే ఎందుకు మరచునో గాని మరచును.

తాటిచెట్టు క్రింద

మోకు ఎక్కుట క్రొత్తవారిని అన్నిటికంటె ఎక్కువగ భయపెట్టును. చేతులతో తన్నుతాను పైకి లాగుకొనుటయే మోకు ఎక్కుట అని వారి భ్రమ. 60 కిలోగ్రాముల మనిషిని 5 మీటర్లు ఎత్తుటకు దాదాపు 2,940 జౌళ్ళ పని కావలెను. దానినంతయు ముంజేతులతో, మోచేతులతో చేయించుట అన్యాయము. తొడకండరములు శరీరములోకెల్ల పెద్దవి. అవి పనిలేక క్రింద వ్రేలాడుచుండును.

మన తెలుగునాట గీతకార్మికుడు తాటిచెట్టు ఎక్కుట జాగ్రత్తగ గమనింపుడు. మోకును చెట్టును, తన నడుమును కలిపి చుట్టుకొనును; పాదములకు చిన్న త్రాటిబంధము వేసికొనును. వెనుకకు వాలును. అట్లు వాలుటచే పాదములు గరుకైన బోదెను గట్టిగ అదుముచున్నవి. అదుము ఎంత హెచ్చిన ఘర్షణ అంత హెచ్చును. శరీరభారమును మోకు, పాదములు పంచుకొనగా, అతడు కాళ్ళు చాచి పైకి లేచును, మోకును పైకి జరుపును, మరల కాళ్ళు ముడిచి పైకి తెచ్చుకొనును. చెట్టునకు భయపడి కరచిపట్టుకొని ముందుకు వాలువాడే జారును. దినమునకు ఎన్నో చెట్లు ఎక్కిదిగు ఆ మనిషి వ్రేళ్ళ పట్టును ఎంత పొదుపుగ వాడుచున్నాడో చూడవలెను.

పందెములోని మోకు విడిగ వ్రేలాడును, బోదె ఉండదు. అక్కడ ఘర్షణను పాదములతోనే కల్పించుకొనవలెను. మోకును కుడికాలి వెలుపలి ప్రక్కగ జారవిడిచి, కుడిపాదము అడుగునుండి ఎడమపాదముతో పైకి తెచ్చి, కుడిపాదము మీద ఆనించి ఎడమ అరికాలితో గట్టిగ త్రొక్కవలెను. మోకు పాదమును చుట్టి వంగినది గదా, ఆ వంపులోనే రహస్యమున్నది. పొగరుబోతు ఎద్దు పలుపును రైతు చేతితో పట్టి ఆపలేడు. గుంజకు రెండు చుట్లు చుట్టి కొసను రెండు వ్రేళ్ళతో పట్టుకొన్నను ఎద్దు కదలలేదు. ఘర్షణ గుణకము 0.3 అయినచో ఒక పూర్తి చుట్టు కొసను పట్టిన బలమును సుమారు ఆరున్నర రెట్లు చేయును. రెండు చుట్లయినచో నలుబది రెట్లు దాటును. పాదము చుట్టు మోకు పూర్తిగ ఒక చుట్టు తిరుగదు. అయినను పై పాదపు త్రొక్కుడుతో కలిసి మనిషి నిలువబడుటకు చాలినంత పట్టు వచ్చును. అప్పుడు మోకు మీద కుర్చీమీదవలె నిలువవచ్చును, చేతులకు విశ్రాంతి నీయవచ్చును. మోకాళ్ళు రొమ్మువరకు తెచ్చుట, త్రొక్కుట, లేచుట. ఐదారుమారులు చేసినచో పైకొస అందును.

పాఠశాలలో మోకు కట్టువారికి ఒక మాట. వేప, చింత కొమ్మలను కూడ ముందుగ ఇద్దరు పెద్దవారి బరువుతో పరీక్షింపవలెను. మునగకొమ్మ సంగతి అందరికి తెలిసినదే. పొగడ్తలకే కాదు, మోకుకు కూడ అది పనికిరాదు.

దిగుట ఎక్కుటకంటె కష్టము

ఎనిమిదడుగుల గోడను క్రొత్తవాడు ఒంటరిగ ఎక్కలేకపోవచ్చును. తోడివారి చేయి తీసికొనుట చాల పందెములలో తప్పు కాదు. నాలుగడుగులు వేగముగ వచ్చి, ఒక పాదమును గోడకు తన్ని, ముందుకు పోవు వేగమును పైకి మరల్చుటయే అందులోని కిటుకు. సెకండుకు 4 మీటర్ల వేగములోని గతిజశక్తి అంతయు పైకి మరలినచో మనిషి 80 సెంటీమీటర్లు లేచును. అంతయు మరలదు గాని, మూడవవంతు మరలినను అంచు అందును.

గాయములు తగులుట ఎక్కువగ ఆవలిప్రక్క దూకునపుడు. దీనిని లెక్కవేయుట మంచి అభ్యాసము. రెండు మీటర్ల ఎత్తునుండి పడు శరీరము నేలను చేరుసరికి సెకండుకు 6.3 మీటర్ల వేగము పొందును. మోకాళ్ళు, తుంటి వంచుచు 40 సెంటీమీటర్ల దూరములో ఆ వేగమును అణచినచో నేల మనపై చూపు సగటు బలము శరీరపు బరువుకు 6 రెట్లు. కాళ్ళు కర్రలవలె బిగించి 5 సెంటీమీటర్లలో ఆగినచో 41 రెట్లు. 60 కిలోగ్రాముల యువకునికి అది దాదాపు రెండున్నర టన్నుల భారము! మడమ ఎముక, వెన్నుపూస ఓర్చునది కాదు. అందుచే గోడ అంచును పట్టుకొని, చేతులు పూర్తిగ చాచి వ్రేలాడి, పిదప వదలవలెను. అప్పుడు పాదములకు నేలకు నడుమ దూరము ఎనిమిదడుగుల గోడకైనను కొద్ది అంగుళములే ఉండును.

మరొక ముఖ్యవిషయము. బురదనీటిలోనికి తల ముందుగ దుమికినవారు లోతు తక్కువగుటచే మెడ విరిగి జీవితాంతము మంచము పట్టుట కలదు. లోతు కనబడని నీటిలోనికి పాదములతోనే దిగవలెను. దీనికి మినహాయింపు లేదు.

కండరమునకు వారములు, బంధనములకు నెలలు

ఇక శిక్షణ ఎన్నాళ్ళు? కనీసము పండ్రెండు వారములని నా అభిప్రాయము. ఎందుకన, శరీరములోని భాగములన్నియు ఒకే వేగముతో మారవు.

వ్యాయామము ప్రారంభించిన మొదటి రెండు మూడు వారములలోనే బలము పెరిగినట్లు తోచును. అది నిజమే గాని ఆ పెరుగుదల కండరములో కాక ఎక్కువగ నాడీమండలములో జరిగినది. అంతవరకు నిద్రించుచున్న కండరతంతువులను కూడ పనికి పిలుచుట మెదడు నేర్చుకొన్నది. కండరము నిజముగ లావగుటకు ఇంకను కొన్ని వారములు పట్టును. స్నాయుబంధనములకు, కీళ్ళను కట్టిపట్టు సంధిబంధనములకు రక్తప్రసారము తక్కువ. అవి గట్టిపడుటకు నెలలు కావలెను. ఈ తేడాయే ప్రమాదమునకు మూలము. నాలుగవ వారమున యువకునికి ఉత్సాహము, బలము రెండును వచ్చును. మోచేతి బంధనములు మాత్రము ఇంకను పాతవే. అప్పుడే రోజూ మోకు ఎక్కుట ప్రారంభించి, మోచేయి నొప్పితో మూడునెలలు కూర్చుండువారు అనేకులు. ఉట్టికెగురలేనమ్మ స్వర్గమునకెగిరినట్లు అని మనవారు ఊరక అనలేదు.

మొదటి నాలుగు వారములు వారమునకు మూడు దినములు పరుగు. తోడివానితో మాటాడగలిగినంత మెల్లగ పరుగెత్తవలెను. మాట తెగినచో నడువవలెను. మొదటివారము మొత్తము అర గంటలో సగము నడకయైనను సిగ్గుపడనక్కర లేదు. రెండు దినములు బలమునకు కేటాయింపవలెను. దండీలు, బస్కీలు మన గోదాలలోని పాత సాధనములే. వానికి మించినవి వెదకనవసరము లేదు. కమ్మిపై పది, పదునైదు సెకండ్లు వ్రేలాడి, ఒక నిమిషము ఆగి, నాలుగైదుమారులు చేయవలెను. అంతయు ఓర్వలేనివారు క్రింద ఒక బల్లపై కాలివ్రేళ్ళు ఆనించి బరువు తగ్గించుకొనవచ్చును.

గడ్డము కమ్మికి పైగ తెచ్చుట చాలమందికి మొదట సాధ్యము కాదు. దానికి ఒక చక్కని ఉపాయమున్నది. బల్ల ఎక్కి గడ్డము పైన ఉంచుకొని, ఐదు సెకండ్లు తీసికొనుచు మెల్లగ క్రిందికి దిగవలెను. కండరము కుదించుకొనుచు ఎత్తగల బరువుకంటె, సాగుచు దింపగల బరువు ఎక్కువ. అందుచే ఎత్తలేనివాడు కూడ దింపగలడు, దింపగా దింపగా ఎత్తగలడు. కాని సాగుచు పనిచేసిన కండరము ఎక్కువగ నొచ్చును. తిరుమలకు కాలినడకన వెళ్ళినవారికి ఇది అనుభవమే. అలిపిరి నుండి మూడువేల ఐదువందల పైచిలుకు మెట్లు ఎక్కునపుడు ఆయాసము. దిగివచ్చిన మరునాడు తొడలు పట్టుకొని గడపకూడ దాటలేకపోవుట. ఈ నొప్పి రెండవ, మూడవ దినములలో హెచ్చి దానంతటదియే పోవును. అందుచే దింపు వ్యాయామము వారమునకు రెండుమారులు, మారునకు నాలుగైదింటికి మించి వలదు.

నొప్పి వేరు, హాని వేరు. అలవాటు లేనివాడు పంతముకొలది ఒక్కదినముననే వందలకొలది బస్కీలు తీసినచో కండరకణములు చిట్లి, అందలి మయోగ్లోబిన్ అను పదార్థము రక్తములో కలిసి మూత్రపిండములను దెబ్బతీయవచ్చును. మూత్రము కాఫీ డికాక్షను రంగున వచ్చుట దీని గుర్తు. అప్పుడు వ్యాయామము మాట అటుంచి వెంటనే వైద్యుని కడకు పోవలెను. వ్యాయామోపాధ్యాయులు శిక్షగా వందలకొలది బస్కీలు తీయించుట నేటికిని కొన్నిచోట్ల కలదు. అది మానవలెనని చెప్పుటకు ఈ ఒక్క కారణమే చాలును.

ఐదవ వారము నుండి ఎనిమిదవ వారము వరకు గుట్టలు, మెట్లు ఎక్కుట, పది పదునైదు కిలోగ్రాముల ఇసుక మూటతో నడచుట, మోకుపై పాదపు పట్టు నేర్చుట. మోకును మొదట నేలకు అడుగు ఎత్తులోనే అభ్యసింపవలెను. పిమ్మట మూడు వారములు పరుగును, అడ్డంకిని కలుపవలెను. నాలుగువందల మీటర్లు పరుగెత్తి, ఒగర్చుచుండగనే కమ్మి పట్టుట, పది దండీలు తీయుట, మరల పరుగు. కమ్మిని ఒకమారు తడిచేతులతోను పట్టి చూడవలెను, ఏలయన పందెములో పొడిచేతులు దొరుకుట అరుదు. పందెమున అడ్డంకి ముందర ఇరువది, ముప్పది సెకండ్లు నిలువుట పిరికితనము కాదు. తరిగిన ఫాస్ఫేటు ఇంధనములో దాదాపు సగము ఆ వ్యవధిలో తిరిగి చేరును. చివరివారము శ్రమ సగమునకు తగ్గించి, నిద్ర పెంచవలెను. కండరము మరమ్మత్తు విశ్రాంతిలోనే జరుగును.

పదునారేండ్ల లోపువారికి ఎముకల చివర్లలో పెరుగుదల పలకలు ఇంకను మెత్తగ ఉండుటచే భారమైన మూటలు, ఎత్తునుండి దూకుట తగవు. నిర్వాహకులు పెట్టిన వయఃపరిమితిని తల్లిదండ్రుల సంతకముతో దాటించుట మంచిది కాదు. గుండెజబ్బు, ఉబ్బసము, మూర్ఛ ఉన్నవారు ముందుగ వైద్యుని అడుగవలెను.

ఎండ, నీరు, బురద

60 కిలోగ్రాముల మనిషి 5 కిలోమీటర్లు పరుగెత్తుటకు సుమారు 300 కిలోకెలోరీలు ఖర్చగును; అందులో ముప్పాతికకు పైగ వేడిగ మారును. ఒక లీటరు చెమట ఆవిరియైనచో దాదాపు 580 కిలోకెలోరీలు కొనిపోవును. కనుక ఎండలో పరుగు వేడిని వదలించుకొనుటకు అర లీటరుకు దగ్గరగ చెమట ఆవిరి కావలెను. కారుటకాదు, ఆవిరి కావలెను. హైదరాబాదు పొడిగాలిలో చెమట ఆరును. విశాఖపట్నము, బందరు వంటి సముద్రతీరమున కారి నేలపాలగును, ఒళ్ళు చల్లబడదు. శరీరము ఎండకు అలవాటుపడుటకు పది నుండి పదునాలుగు దినములు పట్టును. తలతిరుగుట, తడబడు మాటలు, అయోమయము కనబడినవానిని వెంటనే నీడకు చేర్చి, నీళ్ళతో తడిపి విసరుచు, వైద్యసహాయము పిలువవలెను.

దుస్తులను గూర్చి చెప్పవలసినది తక్కువ. నూలు బట్ట తడిసి బరువెక్కి వ్రేలాడును. పలుచని కృత్రిమనూలు మేలు. బూట్లు క్రొత్తవి వలదు, అడుగున గాళ్ళున్నవి కావలెను. ఉంగరములు తప్పక తీయవలెను. కమ్మికి తగుల్కొన్న ఉంగరము వ్రేలి చర్మమునే ఒలిచివేయగలదు.

బురద సంగతి మనవారు తేలికగ తీసికొందురు. 2012 అక్టోబరులో అమెరికాలోని నెవాడాలో జరిగిన అడ్డంకుల పందెము తరువాత పలువురికి కాంపిలోబాక్టర్ అను సూక్ష్మజీవి వలన విరేచనములు పట్టుకొనినవి. పందెములో బురదనీరు మ్రింగినవారికే ఆ వ్యాధి ఎక్కువగ సోకినట్లు తేలినది. 2000లో బోర్నియో ద్వీపమున జరిగిన ఒక సాహసపందెములో నదిలో ఈదినవారు అనేకులు లెప్టోస్పైరా వ్యాధికి గురియైరి. మన వరిపొలములలో దీనినే ఎలుకజ్వరమందురు. ఎలుకలు, పశువుల మూత్రము కలిసిన తడినేల నుండి చర్మముపై గీతల ద్వారా ఆ క్రిమి ప్రవేశించును. కనుక గాయములున్నవారు వానిని కప్పుకొని దిగవలెను, నోరు మూసికొనవలెను, పందెము ముగియగనే సబ్బుతో శుభ్రముగ కడుగుకొనవలెను. ధనుర్వాతపు టీకా ముందే వేయించుకొనియుండవలెను. ఎలుకజ్వరము బురద తగిలిన రెండవ దినము మొదలు ముప్పది దినములలోపల ఎప్పుడైనను పైకి రావచ్చును. ఆ నెలలో జ్వరము, పిక్కల నొప్పి, కండ్లెరుపు కలిగినచో, పందెమునాడు బురదలో దిగిన సంగతిని వైద్యుడు అడుగకున్నను చెప్పవలెను.